పుల్లమ్మ బార

భూమి కడుపులో ఎక్కడ ఎన్ని నీళ్లున్నాయో తెలిసినవాళ్లు మూడు లోకాల్లో ఇద్దరే. ఒకరు ఆదిశేషుడు, రెండోవారు నాపలపాడు పుల్లమ్మ. ఆదిశేషుడికైనా అప్పుడప్పుడూ లెక్క తప్పుతుంది. అలాంటప్పుడు ఆయన ఎవరూ చూడకుండా ఒక పడగ పైకెత్తి, పాల కేంద్రం గోడ మీద పుల్లమ్మ బొగ్గుతో రాసిన అంకెలు చూసుకుని, తన లెక్క దిద్దుకుని మళ్లీ కిందికి దిగిపోతాడని వెల్దుర్తి చుట్టుపక్కల పల్లెల్లో చెప్పుకుంటారు. ఇంతవరకూ చెప్పుకోకపోతే ఇకనుంచి చెప్పుకుంటారు. ఇది రాస్తున్నది పుల్లమ్మ కొడుకు కూతురు వెన్నెల. ఇంటరు రెండో ఏడాది ఫిజిక్సు రెండుసార్లు తప్పి, మాచర్లలో జిరాక్సు షాపులో పనికి కుదిరింది. గొప్పలు చెప్పేటప్పుడు ఆమెకు నోరు జారవచ్చు గానీ అంకెల దగ్గర జారదు. అంకె తప్పితే నాయనమ్మ ఊరుకోదు.

పుల్లమ్మకు డెబ్బై దగ్గర పడ్డాయి. పొట్టి మనిషి. రేషను షాపు దగ్గర లైన్లో నిలబడితే కనపడదు, వినపడుతుంది. చదివింది ఐదో తరగతి. రెండెకరాల మిరప చేను, ఒక గేదె, ఒక కొడుకు, కోడలు, ఒక మనవరాలు. ఇవి అందరికీ ఉండేవే. ఆమెకు మాత్రమే ఉన్నవి ఒక తాడు, పద్దెనిమిది నోటు పుస్తకాలు.

తాడు కథ ఇరవై రెండేళ్ల కిందటిది. వరసగా కరువులొచ్చి, వేసిన ప్రతి బోరూ దుమ్ము కక్కుతున్న కాలంలో ఏదో సంస్థవాళ్లు జీపులో ఊళ్లోకొచ్చారు. నీళ్లను కొలవటం నేర్చుకుంటే ఏ పంట వేయాలో ముందే తెలుస్తుందని చెప్పి, పన్నెండు మందిని పోగుచేశారు. నీటిని తాకగానే కుయ్యిమని కూసే టేపు ఒకటి ఇచ్చారు. మూడేళ్లు నడిచింది. తర్వాత సంస్థ పని అయిపోయింది, జీపు రావటం మానేసింది. టేపు కుయ్యిమనటం కూడా మానేసింది. పదకొండు మంది ఎవరి పనులు వాళ్లు చూసుకున్నారు. సంస్థ పోతే పోయింది గానీ నీళ్లు ఎక్కడికీ పోలేదు గదా అనుకున్నది పుల్లమ్మ ఒక్కతే.

ఆమె మాచర్ల పోయి నైలాను తాడు కొనుక్కొచ్చింది. ఇంట్లో మూలనపడ్డ సైకిలు బెల్లు డిప్ప విప్పి, తాడు చివర బోర్లా కట్టింది. బోర్లించిన డిప్ప నీళ్లకు తగిలితే బుడుంగుమంటుంది. తర్వాత వాకిట్లో నిలబడి, చేతులు రెండూ బార్లా చాపి, ఈ మధ్య వేలి నుంచి ఆ మధ్య వేలి దాకా తాడు పట్టుకుని బారకొక ముడి వేసింది. నలభై ముళ్లు. బారలో సగం, పావు కూడా గుర్తుపట్టటానికి మధ్యలో రంగు దారాలు చుట్టింది. రంగు దారాలు ఇచ్చింది ఎదురింటి కరీమున్నీసా. ఆమె జాకెట్లు కుడుతుంది. దారాలు ఇచ్చిన పాపానికి ఇరవై ఏళ్లుగా తెల్లవారకముందే లేచి పుల్లమ్మ వెంట తిరుగుతున్నానని ఆమె అంటూ ఉంటుంది.

పని ఇలా ఉంటుంది. ప్రతి అమావాస్యకూ పున్నమికీ, చేలకు కరెంటు రాకముందే ఇద్దరూ బయల్దేరతారు. మోటరు తిరిగితే నీటి మట్టం కదిలిపోతుంది కాబట్టి తెల్లవారుజామునే కొలవాలి. కరీమున్నీసా బోరు కేసింగు పైపులోకి తాడు వదులుతుంది. పుల్లమ్మ పైపుకు చెవి ఆనించి కూర్చుంటుంది. కరీమున్నీసాకు కళ్లు మంచివి, పుల్లమ్మకు చెవులు మంచివి. బుడుంగుమన్న చోట పుల్లమ్మ చెయ్యి ఎత్తుతుంది, కరీమున్నీసా తాడు పట్టుకుని ముళ్లు లెక్కపెడుతుంది. పదకొండు బోర్లు అయ్యాక ఇద్దరూ పాల కేంద్రం దగ్గరికొస్తారు. పొద్దున పాలు పోయటానికి ఊరంతా అక్కడికే వస్తుంది. గోడ మీద పాత అంకెలు తడిగుడ్డతో తుడిచి, కొత్తవి బొగ్గుతో రాస్తుంది పుల్లమ్మ. ఆ తర్వాతే నోటు పుస్తకంలోకి ఎక్కిస్తుంది.

అందులో ఒక నియమం ఉంది. అంకె ముందు గోడ మీదికి పోవాలి. ఎవరి చెవిలోనూ పోకూడదు. బోరు ఎవరిదైతే వాళ్లకు కూడా చెప్పదు. మొదట్లో ఒకసారి తన బోరు అడుగంటిందని ముందుగా తెలుసుకున్న రైతు ఒకాయన ఆ మాట బయటికి రాకముందే చేను కౌలుకు ఇచ్చేసి చేతులు దులుపుకున్నాడు. కౌలుకు తీసుకున్నవాడి మిరప నిలువునా ఎండింది. అప్పటినుంచి ఈ నియమం. మూడెకరాల రైతు నరసింహం ఒకసారి తన బోరు దగ్గర నిలబడి ఎంత పిన్నీ అని అడిగితే గోడ దగ్గరికి రమ్మంది. ఆయన మిగిలిన నాలుగు బోర్ల వెంట తిరిగి, తన అంకె తాను అందరితో పాటే చూసుకున్నాడు.

దసరా నాటికి గోడ మీద సగటు పదిహేను బారల లోపు ఉంటే ఊళ్లో ధైర్యంగా మిరప వేస్తారు. పద్దెనిమిది దాటితే శనగో జొన్నో చల్లుకుంటారు. వేయవద్దని ఎవరూ ఎవరికీ చెప్పరు. గోడ చూసి ఇంటికెళ్లి పెళ్లాంతో మాట్లాడుకుంటారు, అంతే. ఇన్నేళ్లలో ఒక్క అమావాస్యా ఒక్క పున్నమీ తప్పలేదు. కొడుకు పెళ్లి రోజు కూడా పుల్లమ్మ పదకొండు బోర్లూ కొలిచొచ్చి, తలంటుకుని, పట్టుచీర కట్టుకుని ముహూర్తానికి అందుకుంది. జుట్టులో ఆ రోజు కేసింగు పైపు తుప్పు ఉందని కోడలు ఇప్పటికీ అంటుంది.

కరోనాకు ముందు ఏడాది భవిత అనే అమ్మాయి వచ్చింది. ఎక్కడో పెద్ద ఊరి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పది రోజులు కరీమున్నీసా ఇంట్లో ఉండి, జొన్న రొట్టె తిని, తాడు పట్టుకుని, రెండు బోర్ల దగ్గర చెవి పెట్టి విని ఏమీ వినపడలేదని ఒప్పుకుని, చివరికి నోటు పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫోటోలు తీసుకుంది. ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే పుల్లమ్మ తెలుగులో పెట్టింది. గోడ మీద ఉన్నదానికి తనను అడగటమెందుకో ఆమెకు అర్థం కాలేదు. తిరిగి ఒక్కటే అడిగింది. అచ్చయ్యాక ఒక కాపీ పంపితే గోడకు అంటిస్తానంది. భవిత తప్పకుండా పంపుతానని చెప్పి వెళ్లిపోయింది. కాపీ రాలేదు. పుల్లమ్మ కొన్నాళ్లు ఎదురుచూసి, చదువుకున్నవాళ్లకు సవాలక్ష పనులుంటాయని సర్దుకుంది.

ఆ కాపీతో ఊరికి పని పడింది నాలుగేళ్ల తర్వాత.

నరసింహం మూడెకరాల బోరు ఎండిపోయింది. కొత్తది వేసుకోవటానికి అనుమతి కోసం భూగర్భ జలాల ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ కూర్చున్నాయన ఒక కాగితం తీసి, మీ ఊళ్లో నీళ్లు చాలా లోతుకు పోయాయని, కొత్త బోర్లకు ఇప్పట్లో అనుమతి కష్టమని చెప్పాడు. ఎవరన్నారని నరసింహం అడిగితే, ఒక పరిశోధన పత్రంలో అచ్చయిందని, ఆ అంకెలన్నీ మీ ఊరి పుల్లమ్మగారు కొలిచినవేనని చూపించాడు. కాగితం మీద ఆ ఒక్క ముక్కే ఉంది. మిగతాది ఆయన దగ్గర కూడా లేదు.

మర్నాడు పొద్దున పాల కేంద్రం దగ్గర నరసింహం క్యాను దించి, అందరి ముందూ అడిగాడు.

"పిన్నీ, మా నీళ్లు పాతాళంలో ఉండయ్యని ఊరూరా చాటావంటగా."

"గోడ మీద రాసిందే రాశా. నువ్వూ చూశావుగా."

"గోడ మీద బారలు. ఆడ మీటర్లు. మా చేలకి నీళ్లు లేకుండా చేసింది నీ తాడు."

పుల్లమ్మ ఏదో అనబోయింది. నరసింహం పాల కేంద్రానికి అధ్యక్షుడు. మధ్యాహ్నానికల్లా గోడకు సున్నం కొట్టించాడు. ఆమె అంకెలు, పైన ఎప్పుడో రాసిన పదకొండు బోర్ల పేర్లు, అన్నీ తెల్లగా పోయాయి.

తర్వాత జరిగింది ఇంకా ఇబ్బందైనది. ఎవరూ ఆమెతో పోట్లాడలేదు. తాడు మోటరుకు తగులుకుంటుందని ఒకరన్నారు. కేసింగు మూత బిగుసుకుపోయిందని ఇంకొకరన్నారు. వచ్చే నెల చూద్దాంలే అన్నారు. అమావాస్య నాడు తాడు పడింది రెండే బోర్లలో. ఒకటి బడి బోరు, రెండోది కరీమున్నీసా వాళ్లది. పుల్లమ్మ నోటు పుస్తకంలో తొమ్మిది గళ్లు ఖాళీగా వదిలి, పెన్ను మూత పెట్టి, ఆ పేజీ చాలాసేపు చూస్తూ కూర్చుంది. పున్నమికి పదిహేను రోజులుంది. ఆ రోజు కూడా తొమ్మిది గళ్లు ఖాళీగా ఉంటే ఇక ఎవరూ మూత తియ్యరని ఆమెకు తెలుసు. ఒకసారి అలవాటు తప్పిన పని మళ్లీ మొదలవదు. పదకొండు మంది మానుకోవటం ఆమె ముందే చూసింది.

అందుకని మాచర్లలో మనవరాలికి ఫోను చేసి, ఆ కాగితం ఎక్కడుంటే అక్కణ్నుంచి పట్టుకురమ్మంది.

జిరాక్సు షాపు శౌరిది. ఆయన కంప్యూటర్లో మనవరాలు వెతికితే పత్రం దొరికింది, అంటే దాని పేరు దొరికింది. కింద భవిత పేరు, ఆమె సారు పేరు, ఆరు వాక్యాలు. మిగతాది చదవాలంటే డాలర్లు కట్టమని ఒక పెట్టె. శౌరి రూపాయల్లోకి మార్చి చూసి, పదకొండు పేజీలకు ఇంత రేటు పెట్టినవాడి ముందు తాను జిరాక్సు షాపు ఎందుకు నడుపుతున్నానో తెలియటం లేదన్నాడు. మనవరాలు నాయనమ్మకు ఫోనులో సంగతి చెప్పింది.

"లోపలున్నయ్యి నా అంకెలేనా?" అని అడిగింది పుల్లమ్మ.

"నీయే."

"నా అంకెలు నేను జూడటానికి వాడికెందుకియ్యాలే డబ్బులు?"

"వాడు అచ్చేశాడుగా నాయనమ్మా."

"నేను గోడ మీదేశా. ఎవుర్నన్నా అడిగానా?"

ఫిజిక్సు పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే మనవరాలు కనీసం ఏదో ఒకటి రాసొచ్చేది.

ఆరు వాక్యాల కింద ఉత్తరాలకు అని ఒక మెయిలు అడ్రసు ఉండటం శౌరి చూశాడు. మనవరాలు ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండు లైన్లకే చెమట పట్టి, తెలుగులో రాసింది. భవితక్కా, నేను పుల్లమ్మ మనవరాలిని. నాయనమ్మ తన అంకెలు చూడాలంటోంది. గోడకు సున్నం కొట్టారు. తొందరగా పంపు. అంతే ఉత్తరం. ఇది పరిశోధనకు సంబంధించిన ఉత్తరంలా లేదని శౌరి అన్నాడు గానీ మర్నాటి పొద్దునకే జవాబొచ్చింది. పత్రం మొత్తం దానికి తగిలించి ఉంది. ఎవరైనా అడిగితే తన కాపీ పంపే హక్కు తనకు ఉందని, అడగకముందే పంపవలసినదని, నాలుగేళ్లుగా సిగ్గుపడుతున్నానని భవిత రాసింది. ఫోను నంబరు కూడా ఇచ్చింది. సున్నం ఎందుకు కొట్టారని అడిగింది.

అడిగితే పంపుతారన్న సంగతి అంతవరకూ నాపలపాడులోనూ తెలియదు, మాచర్లలోనూ తెలియదు. ఆఫీసాయనకు తెలుసో లేదో.

మనవరాలు పదకొండు పేజీలు తీసుకుని బస్సెక్కింది. పుల్లమ్మ మంచం మీద కాగితాలు పరిచి, నోటు పుస్తకాలు దించి, కరీమున్నీసాను పిలిచింది. ఇంగ్లీషు మాటల్లో సగం మనవరాలికి తెలియవు. మిగతా సగం ఆమె చదివిన తీరుకు ఎవరికీ తెలియవు. కానీ నాలుగో పేజీలో పట్టిక ఉంది. పట్టికలో ఉన్నవి బోర్లు, తారీఖులు, అంకెలు. అక్కడికొచ్చేసరికి పుల్లమ్మ జరిగి ముందుకు కూర్చుంది.

బడి బోరు, ఎండాకాలం, ముప్పై ఆరు పాయింటు ఆరు మీటర్లు. మనవరాలు ఫోనులో అడుగుల్లోకి మార్చింది. నూట ఇరవై అడుగులు వచ్చింది.

పుల్లమ్మ ఇంకోసారి మార్చమంది. మళ్లీ నూట ఇరవయ్యే వచ్చింది.

"ఇస్కూలు బోరు ఏసిందే నూట పది అడుగులు. రాయి తగిలి ఆపేశారు, నేను ఆడే ఉన్నా. అడుగునున్న రాయి కింద ఇంకో పదడుగుల కాడ నీళ్లుండయ్యని రాశారంటే ఏందే అర్థం? నా బెల్లు డిప్ప రాయి తొలుచుకోని పోయిందా?"

నోటు పుస్తకంలో ఆ తారీఖు తీసి చూశారు. ఇరవై బారలు అని పుల్లమ్మ చేతిరాతలో ఉంది. ఇరవై బారలు నూట ఇరవై అడుగులు ఎలా అయ్యాయో మనవరాలు వెతుక్కుంటూ పోతే, పట్టిక కింద చీమలంత అక్షరాల్లో దొరికింది. ఒక బార అంటే ఆరడుగులని పత్రం అనుకుంది.

కరీమున్నీసా ముందు నవ్వింది. తర్వాత మెళ్లో వేలాడుతున్న కుట్టుపని టేపు తీసి, లేచి నిలబడమంది. పుల్లమ్మ గోడకు వీపు ఆనించి చేతులు బార్లా చాపింది. ఈ వేలి నుంచి ఆ వేలి దాకా యాభై ఎనిమిది అంగుళాలు. నాలుగడుగుల పది అంగుళాలు. పత్రం ప్రతి బారకూ పద్నాలుగు అంగుళాలు ఎక్కువ లాగింది. ఇరవై బారలకు ఇరవై మూడడుగుల పైచిలుకు. ఊరి నీళ్లు పాతాళానికి పోయింది ఆ పద్నాలుగు అంగుళాల మీదే.

కరీమున్నీసా ఆ అమ్మాయిని తిట్టబోతే పుల్లమ్మ ఆపింది. పద్దెనిమిది నోటు పుస్తకాల్లో ఎక్కడా బార ఎవరిదో రాయలేదు. ఊళ్లో అది పుల్లమ్మ తాడని, పుల్లమ్మ బారని చిన్న పిల్లలకు కూడా తెలుసు కాబట్టి రాయవలసిన అవసరం తోచలేదు. చూసేది ఊరివాళ్లే అన్నట్టు రాసిన లెక్క బయటివాళ్ల చేతిలోకి పోతే ఇంతేనంది. అడగకపోవటం ఆ పిల్ల తప్పు, రాయకపోవటం తన తప్పు అని రెండు వేళ్లు మడిచి, మడిచిన వేళ్లను కాసేపు అలాగే ఉంచుకుంది.

భవితకు అప్పుడే ఫోను చేద్దామని మనవరాలు అంటే పుల్లమ్మ వద్దంది. ఇంట్లో కూర్చుని చెప్పుకుంటే చెవిలో చెప్పుకున్నట్టే. మర్నాడు పొద్దున పాలు పోసే వేళకు ముగ్గురూ పాల కేంద్రానికి వెళ్లారు. తెల్లటి గోడ కింద పుల్లమ్మ నిలబడింది. మనవరాలు ఫోను స్పీకరులో పెట్టి, ఖాళీ క్యాను మీద ఉంచింది. పాలకు వచ్చినవాళ్లు నిలబడిపోయారు. నరసింహం కొలత పాత్ర పట్టుకుని అలాగే ఉన్నాడు.

బడి బోరు సంగతి, రాయి సంగతి, యాభై ఎనిమిది అంగుళాల సంగతి పుల్లమ్మ నింపాదిగా చెప్పింది. జవాబు అందరికీ వినపడాలని మనవరాలు ఫోను పైకెత్తి పట్టుకుంది.

"మా సారు పుస్తకంలో చూసి ఆరడుగులన్నారు పుల్లమ్మగారూ. నేను మిమ్మల్ని అడగాల్సింది. పది రోజులు మీ పక్కనే ఉన్నాను."

"పుస్తకంలో ఉన్నది ఎవరి బారమ్మా?" అని అడిగింది పుల్లమ్మ.

పత్రాన్ని దిద్దమని అచ్చేసినవాళ్లకు ఆ రోజే రాస్తానంది భవిత, ఆఫీసుకు కూడా ఉత్తరం పంపుతానంది. ఫోను పెట్టేశాక నరసింహం కొలత పాత్ర కింద పెట్టి, కరీమున్నీసా ముందుకొచ్చి చేతులు చాపాడు. అరవై ఎనిమిది అంగుళాలు. ఆ తర్వాత వరసగా తొమ్మిది మంది చాపారు. అందరికంటే పొడుగు పాలవ్యాను డ్రైవరు, అతనికి డెబ్బై ఒకటి. అతనిది గురజాల. నాపలపాడులో ఆరడుగుల బార ఉన్న మనిషి ఒక్కడూ లేడని ఆ పొద్దున తేలింది. పాలు పులుస్తున్నాయని ఆ డ్రైవరు మళ్లీ వ్యానెక్కి హారను కొట్టాడు.

నరసింహం క్షమించమని అడగలేదు. అలాంటివి ఆ ఇంట్లో అలవాటు లేదు. పున్నమి నాడు తెల్లవారుజామున పుల్లమ్మా కరీమున్నీసా వీధిలోకి వచ్చేసరికి ఆయన తన ఎండిపోయిన బోరు దగ్గర మూత తీసి పెట్టుకుని కూర్చున్నాడు.

"రా పిన్నీ, కరెంటొచ్చే టైమయింది."

"ఎండిన బోరులో ఏం కొలవనురా?"

"ఎండిందని రాయి. అదీ అంకేగా."

మిగతా ఎనిమిది మూతలు కూడా తీసే ఉన్నాయి. గోడ దగ్గరికొచ్చాక, సున్నం కొట్టింది బొగ్గు బాగా కనపడటానికేనని నరసింహం అన్నాడు. పుల్లమ్మ ఆయన వంక చూసి, బొగ్గు ముక్క వెతుక్కుని, పదకొండు బోర్ల పేర్లు మళ్లీ మొదటినుంచి రాసింది. పేర్ల పైన, ఇంతకుముందు లేని మాట ఒకటి చేర్చింది. బార అంటే యాభై ఎనిమిది అంగుళాలు.

పత్రంలో దిద్దుబాటు రావటానికి ఎనిమిది నెలలు పట్టింది. దిద్దుబాటు పేజీ ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. తప్పు ఉన్న పత్రం చదవాలంటే ఇప్పటికీ డబ్బు కట్టాలి. శౌరి దీన్ని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వుతాడు, ఆ నవ్వుతో పాటు రెండు కాపీలు ఎక్కువ తీయిస్తాడు.

ఆ ఏడాదే భవిత మళ్లీ వచ్చింది. పద్దెనిమిది పుస్తకాలనూ సరైన కొలతతో మొదటినుంచి లెక్కగట్టి కొత్త పత్రం రాస్తానంది. ఈసారి సంతకం కాగితం తెలుగులో తెచ్చింది. పుల్లమ్మ దాన్ని పాల కేంద్రం దగ్గర మనవరాలి చేత బిగ్గరగా చదివించింది. తర్వాత తన షరతులు చెప్పింది. రాసింది అచ్చుకు పోయే ముందు తెలుగులో గోడ మీదికి రావాలి. అమావాస్య నుంచి పున్నమి దాకా ఉండాలి. ఎవరి బోరు గురించి తప్పుంటే వాళ్లు చెప్పాలి, చెప్పినది దిద్దాలి. ఎవరైనా నా బోరు వద్దంటే తీసెయ్యాలి. అచ్చయ్యాక డబ్బులడిగే పెట్టె అడ్డం లేని చోట పెట్టాలి, మాచర్ల జిరాక్సు షాపులో తెరిస్తే తెరుచుకోవాలి. తన పేరు ఒక్కటే వేయకూడదు, తాడు వదిలిన చేతులు వేరేవి. నోటు పుస్తకాలు ఊరు దాటవు.

పెద్ద పండితులు చూసి దిద్దే పనిని పాలు పోసేవాళ్లకు అప్పగిస్తామా అని భవిత సారు ముందు ఒప్పుకోలేదట. పండితులు చూసినప్పుడే నీళ్లు రాయి కిందికి పోయాయని భవిత చెప్పిందట. ఇది ఆమె చెప్పగా విన్నదే. అప్పుడామె గొంతు ఎలా ఉందో తెలియదు.

గోడకు అంటించిన పదిహేను రోజుల్లో నాలుగు తప్పులు దొరికాయి. నరసింహం బోరును పటంలో వాగుకు అవతల పెట్టారని నరసింహమే పట్టుకున్నాడు, అదీ క్యాను చేతిలో పెట్టుకుని కళ్లద్దాలు లేకుండా. ఒకాయన తన బోరు వద్దన్నాడు, కారణం చెప్పలేదు, తీసేశారు. పత్రం ఈ ఏడాది అచ్చయింది. భవిత పేరు పక్కన నాపలపాడు నీటి కొలతలవాళ్లు అని ఉంది. అందులో ఒక అమావాస్య దగ్గర, తీసేసిన బోరు పోను, ఎనిమిది గళ్లు ఖాళీగానే ఉన్నాయి. వాటి కింద, ఆ రోజు ఊరు కొలవనివ్వలేదు అని ఒక ముక్క రాసి ఉంది. అది తీసేద్దామా అని భవిత అడిగితే, ఉండనియ్యమన్నది పుల్లమ్మ కాదు, నరసింహం.

ఆయన బోరు అర్జీ ఇంకా ఆఫీసులో తిరుగుతూనే ఉంది. దిద్దిన అంకెలతో దారి కొంచెం తేలికయిందంటారు. అయినా నీళ్లు తగ్గుతున్న మాట అబద్ధం కాదు. మీటర్లు మారినా గోడ మారలేదు. పోయిన దసరాకు సగటు పంతొమ్మిది బారలు వచ్చింది. నరసింహం రెండు పొద్దులు గోడ ముందు నిలబడి, మూడెకరాల్లో శనగ చల్లాడు.

ఇదంతా రాసి మనవరాలు మొన్న నాయనమ్మకు చదివి వినిపించింది. పుల్లమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తూ విన్నది. ఆదిశేషుడి దగ్గర తల ఎత్తలేదు. రేషను షాపు దగ్గర ఒకసారి చూసింది. తుప్పు దగ్గర కోడలి వైపు చూసింది. యాభై ఎనిమిది అంగుళాలు వచ్చిన చోట మాత్రం మళ్లీ చదవమంది. మొత్తం అయిపోయాక, బాగుంటే పత్రికకు పంపుతానని, ఎలా ఉందో చెప్పమని మనవరాలు అడిగింది.

"ముందు తీసకపోయి పాల కేంద్రం గోడకి అంటించు. పున్నమి దాకా ఉండనియ్. నరసింహం చదివినాక మాట్టాడు."